పెంచిన గూటి పాట

సహారా ఎడారి దాటి దక్షిణానికి వస్తే, ఆఫ్రికా పల్లెల్లో వానాకాలం ముదిరేసరికి ఒక నల్లపిట్ట కనిపిస్తుంది. గుడిసెల వెనకనో, జొన్నచేను గట్టునో ఉన్న చెట్టుకి ఎండిన పైకొమ్మ ఒకటి చూసుకుని దాని కొసన కూర్చుంటుంది. మన ఊరపిచ్చుక కన్నా చిన్నది. నలుపు మీద ఎండ పడితే నీలి మెరుపు, కొన్నిటికి ఆకుపచ్చ, కొన్నిటికి ఊదా. ఇంగ్లీషులో ఇండిగోబర్డ్ అంటారు. ఆడది గోధుమరంగు చారలతో ఉంటుంది, పిచ్చుకల గుంపులో కలిస్తే పోల్చుకోలేం. వానలు వెనకబట్టాక మగది కూడా ఆ నలుపు విడిచి ఆడదాని రంగులోకే వస్తుంది. ఈ పిట్టలన్నీ ఒకే జాతా, రెండా, పదా? దీని మీద పక్షిశాస్త్రజ్ఞులు తరాల తరబడి తగువు పడ్డారు. తగువు చాలావరకు ఎలా తీరిందో, ఏ ముక్క తీరకుండా మిగిలిందో చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

నాకీ పిట్టలతో పరిచయం నైజీరియాలో. 1970ల చివర ఆ దేశం చమురు డబ్బుతో ఊరూరా బళ్లు తెరిచింది. పాఠాలు చెప్పేవాళ్లు చాలక మన దేశం నుంచి లెక్కల మాస్టర్లను, సైన్సు టీచర్లను పిలిపించుకుంది. గుంటూరు జిల్లా నుంచి మేమిద్దరం అలా వెళ్లినవాళ్లమే. మావారు లెక్కలు, నేను బయాలజీ. మాకు పడిన చోటు జోస్ పీఠభూమి. సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తు, చల్లటి గాలి, తగరం తవ్వి వదిలేసిన గుంటలు, ఎటు చూసినా ఒకదాని మీద ఒకటి పడున్న గ్రానైటు బండలు. బడి వెనక ఆడవాళ్లు అచ్చా అనే సన్నటి చిరుధాన్యం దంచుతుంటే, రోకటి పోటుకి చెదిరిన గింజల కోసం బుజ్జి ఎర్రపిట్టలు వాళ్ల పాదాల దగ్గరికే వచ్చేవి. అవి ఎర్రముక్కు ఫైర్‌ఫించ్‌లు. పూరికప్పు సందుల్లో, గోడ బొరియల్లో గూళ్లు పెట్టుకుని మనుషుల మధ్యే బతికే పిట్టలు. ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు కిటికీలోంచి చెట్టు వైపు చూపించి, "మేడమ్, ఆ నల్లది ఎర్రపిట్టల్ని వెక్కిరిస్తోంది" అన్నాడు. విని చూస్తే నిజమే. గరగరమనే తన కూత మధ్యలో ఆ నల్లపిట్ట, ఫైర్‌ఫించ్ చేసే సన్నటి ఈలను అచ్చంగా దించుతోంది. శాస్త్రజ్ఞులు వందేళ్లకు పైగా వెతికిన కీలకం ఆ పిల్లవాడు చూపించిన చోటే ఉంది.

పేర్ల చరిత్ర మాత్రం చెవులతో మొదలవలేదు. 1776లో జర్మన్ పండితుడు స్టాటియస్ ముల్లర్ వీటిలో మొదటిదానికి శాస్త్రీయ నామం పెట్టాడు. సెనెగల్ తీరం నుంచి ఫ్రాన్సుకు పంజరాల్లో వెళ్లిన ఈ పిట్టల్ని వ్యాపారులు కొంబాసూలనేవాళ్లు. ఆ తరువాత దొరల పాలన లోపలికి పాకినకొద్దీ తుపాకీ, సూది, దూది పట్టుకుని తిరిగినవాళ్లు ఒక్కో మూల నుంచి ఒక్కో నల్లపిట్టను పంపారు. 1847లో దక్షిణాఫ్రికా నుంచి ఒకటి. 1883లో బెర్లిన్‌లో రైఖెనావ్ ఊదా మెరుపు ఉన్నదాన్ని వేరుచేశాడు. 1901లో హార్టెర్ట్ ఒకటి, 1907లో నీవ్ అనే ఆయన జాంబియా వైపు నుంచి ఆకుపచ్చ మెరుపుది ఒకటి, 1908లో బాయిడ్ అలెగ్జాండర్ నైజీరియా నుంచి ఒకటి, 1922లో గ్రోటె కామెరూన్‌ది ఒకటి. ఎవరి చేతిలో పిట్ట ఉంటే వాళ్లు పేరు పెట్టేశారు. తరువాత వచ్చినవాళ్లు సొరుగుల్లోని పిట్టల్ని పక్కపక్కన పెట్టి, ఇవన్నీ ఒకటే కదా అని కలిపేశారు. ఇంకొకరు వచ్చి మళ్లీ విడదీశారు.

వాళ్లను తప్పుపట్టటానికి లేదు. మ్యూజియంలో చచ్చిన ఇండిగోబర్డ్‌ను ఒకసారి దగ్గరగా ఊహించుకోండి. పొట్టలో దూది కూరి, కాళ్లు దగ్గరికి కట్టి, కాలికి చీటీ తగిలించి వెల్లకిలా పడుకోబెట్టి ఉంటుంది. దాని మెరుపు రంగుపొడి వల్ల వచ్చింది కాదు, ఈకలోని సన్నటి పొరల అమరిక వల్ల వచ్చింది. అందుకని కిటికీ వైపు తిప్పితే ఒక రంగు, గోడ వైపు తిప్పితే మరొకటి. బతికున్నప్పుడు గుర్తుపట్టటానికి పనికొచ్చేవి ముక్కు రంగు, కాళ్ల రంగు. చచ్చాక మొదట మాసిపోయేవీ అవే. పట్టినవాడు ఆ పూటే చీటీ మీద "ముక్కు తెలుపు, కాళ్లు ఎరుపు" అని రాసుంటే సరి, లేకపోతే ఆ పిట్ట మూగసాక్షే.

దక్షిణాఫ్రికాలో పక్షులు చూసేవాళ్లకు ఒక సులువైన సూత్రం ఉంది. ముక్కూ కాళ్లూ రెండూ ఎరుపైతే ఊరి ఇండిగోబర్డ్. ముక్కు తెలుపు, కాళ్లు ఎరుపైతే డస్కీ. ముక్కు తెలుపు, కాళ్లు పాలిపోయిన రంగైతే పర్పుల్. ఆ ప్రాంతంలో ఈ సూత్రం బాగానే పనిచేస్తుంది. పశ్చిమ ఆఫ్రికాకు వచ్చేసరికి అదే ఊరి ఇండిగోబర్డ్‌కి ముక్కు తెల్లగా ఉంటుంది. నైజీరియా, కామెరూన్ దేశాల్లో ఒకే జిల్లాలో మూడు నాలుగు రకాలు కలిసి తిరుగుతాయి, తెల్లముక్కుతో, దగ్గరదగ్గర మెరుపులతో. సెర్ల్, మోరెల్ రాసిన పశ్చిమ ఆఫ్రికా పక్షుల పుస్తకం 1977లో వచ్చింది. జోస్‌లో మా ఇంట్లో ఉన్న పక్షుల పుస్తకం అదొక్కటే. ఎంత మంచి పుస్తకమైనా బొమ్మ చూసి ఈ నల్లపిట్టల్ని విడదీయటం ఎవరి తరమూ కాదు.

ముడి విప్పటానికి మొదటి కొస గూట్లో దొరికింది. ఇండిగోబర్డ్‌లు గూడు కట్టవు. ఎక్కువ రకాలు ఫైర్‌ఫించ్ గూట్లో గుడ్డు పెట్టి వెళ్లిపోతాయి. కాకి గూట్లో కోయిల పెట్టినట్టే అని మనం వెంటనే అనుకుంటాం. ఇక్కడ పిల్లల నోరు చూడాలి. ఫైర్‌ఫించ్ పిల్ల నోరు తెరిస్తే అంగిట్లో నల్లచుక్కలు ఒక వరసలో ఉంటాయి, నోటి మూలల్లో ఉబ్బిన బుడిపెలు మెరుస్తాయి. చీకటి గూట్లో తల్లి ఆ గుర్తులు చూసి మేత పెడుతుంది. ఒక్కో రకం ఫైర్‌ఫించ్‌ది ఒక్కో అమరిక. 1929లో జర్మనీలో రుడాల్ఫ్ నాయిన్‌జిగ్ ఈ కుటుంబపు పిట్టల మీద రాస్తూ, పరాయి గూట్లో పెరిగే పిల్ల నోటి గుర్తులు ఆ ఇంటి పిల్లల గుర్తులతో సరిపోతాయని చూపించాడు. ఇండిగోబర్డ్ పిల్ల మిగతా పిల్లల్ని తోసెయ్యదు. వాటితో కలిసే నోరు తెరిచి, కలిసే పెరుగుతుంది.

రెండో కొసను 1964లో యుర్గెన్ నికొలాయ్ పట్టుకున్నాడు. కొన్రాడ్ లోరెంజ్ నడిపిన సీవీజెన్ సంస్థలో పెద్ద పంజరాల్లో ఈ పిట్టల్ని పెంచుతూ, వాటి పాటల్ని గంటలకొద్దీ వింటూ ఆయన తేల్చిన సంగతి ఇది. మగ ఇండిగోబర్డ్ తనను పెంచిన ఫైర్‌ఫించ్ కూతల్ని, పాటను, చివరికి పిల్లలు మేత కోసం అరిచే అరుపును కూడా నేర్చుకుని పాడుతుంది. ఎర్రముక్కు ఫైర్‌ఫించ్ ఇంట పెరిగినది ఆ పాట, వేరే రకం ఇంట పెరిగినది ఆ రకం పాట. ఆడది తనను పెంచిన ఇంటి పాట పాడే మగవాడి దగ్గరికే వెళ్తుంది, ఆ ఇంటి గూట్లోనే గుడ్డు పెడుతుంది. మన కోయిల పిల్ల కాకి పెంచినా పెద్దయ్యాక కూసేది కోయిల కూతే. ఇండిగోబర్డ్ అలా కాదు. దానికి జాతి అన్నది నోటితో చెప్పుకునే సంగతి. నికొలాయ్ దీన్ని బట్టి ఇవి వేరువేరు జాతులేనని, పెంచే పిట్టలు ఏ క్రమంలో చీలాయో ఇవీ ఆ క్రమంలోనే వాటితోపాటు చీలాయని వాదించాడు. మొదటి మాట నిలిచింది. రెండోది నిలవలేదు, దాని గురించి కాసేపట్లో చెబుతాను.

ఈ కథలో నాకు అందరికన్నా గౌరవం మిషిగన్ విశ్వవిద్యాలయపు రాబర్ట్ పేన్ మీద. ఆయన పంజరం వదిలి పొలాల్లోకి నడిచారు. టేప్ రికార్డరు, శబ్దాన్ని పోగుచేసే పారబోలా పళ్లెం పట్టుకుని ఆఫ్రికాలో ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగారు. ప్రతి పాటనూ సోనోగ్రామ్‌గా కాగితం మీదికి దించి, ఫైర్‌ఫించ్ పాట పక్కన పెట్టి గీతకు గీత పోల్చారు. 1973లో అచ్చయిన ఆయన గ్రంథం చదివితే ఆ ఓపికకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. జాంబియాలో లోచిన్‌వార్ అనే చోట ఆయనా, ఆయన భార్య కారెన్ పేన్ ఏళ్ల తరబడి ఊరి ఇండిగోబర్డ్‌ల కాళ్లకు రంగు కడియాలు వేసి గమనించారు. ఒక్కో మగదానికి ఒక చెట్టు ఉంటుంది. ఏటేటా అదే చెట్టు, అదే కొమ్మ. దగ్గరదగ్గర చెట్ల మగవన్నీ ఒకే బాణీలు పాడతాయి. ఎక్కువ ఆడపిట్టలు ఎవడి చెట్టుకు వస్తాయో వాడి బాణీనే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ బాణీ ఏడాదికేడాది కొంచెం కొంచెం మారుతుంటే ఆ చుట్టుపక్కలవాళ్లంతా దానితోపాటే మారతారు. పెంచిన ఇంటి పాట మాత్రం మారదు.

1982లో పేన్ పశ్చిమ ఆఫ్రికా ఇండిగోబర్డ్‌ల మీద మరో గ్రంథం వేశారు. పాటనూ పిల్లల నోటి గుర్తులనూ కలిపి చూసి, మూడు కొత్త జాతుల్ని వేరుచేసి పేర్లు పెట్టారు. వాటిలో ఒకటి మేమున్న జోస్ పీఠభూమిది. అది ఏదో ఒక ఫైర్‌ఫించ్ పాటను దించుతోంది, అంతవరకు స్పష్టం. మరి ఆ పాట ఎవరిది? తెలిసిన ఫైర్‌ఫించ్‌ల్లో ఆఫ్రికన్ ఫైర్‌ఫించ్‌ది దగ్గరగా ఉందనుకున్నారు. ఆ లెక్కను 1990ల మధ్యలో పేన్ మళ్లీ జోస్ వెళ్లి సరిచూశారు. నల్లపిట్ట పాటను ఆధారం చేసుకుని, ఆ పాట అసలు సొంతదారు కోసం వెతికారు. బండల మధ్య, గడ్డి దుబ్బుల్లో ఆ పాట పాడే ఎర్రపిట్ట దొరికింది. మగదానికి వీపు కూడా ఎర్రన. ఏ పుస్తకంలోనూ లేని పిట్ట. 1998లో ఐబిస్ పత్రికలో దానికి పేరు పెట్టారు, రాక్ ఫైర్‌ఫించ్ అని.

దొంగ పాడుతున్న పాటను బట్టి ఇంటి యజమాని ఉనికి బయటపడిందన్నమాట. శాస్త్ర చరిత్రలో ఇంత అందమైన రుజువు నేను ఇంకొకటి చదవలేదు. ఆ సంగతి తెలిసేసరికి మేం తిరిగొచ్చి ఏళ్లయింది. నైరా విలువ పడిపోయాక 1980ల మధ్యలో మా బోటివాళ్లం చాలామంది సర్దుకుని వచ్చేశాం. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఆ వ్యాసం చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. సెలవురోజుల్లో పులిహోర కట్టుకెళ్లి మేం కూర్చున్న బండలు అవి. పక్షిశాస్త్రానికి తెలియని పిట్ట ఆ బండల చాటునే గింజలు ఏరుకుంటూ ఉంది. ఎన్నో వందల ఏళ్లుగా మనుషులు గనులు తవ్వుతూ, పొలాలు దున్నుతూ, బళ్లు నడుపుతూ తిరిగిన చోట అది ఉందని చెప్పింది ఇంకో పిట్టే.

ఇప్పుడు జోస్ పక్కన లామింగా దగ్గర అమురుమ్ అడవిలో ఎ.పి. లెవెంటిస్ పక్షి పరిశోధన సంస్థ ఉంది. ఆఫ్రికా విద్యార్థులు అక్కడ చదువుకుని సొంతంగా పరిశోధనలు చేస్తున్నారు. రాక్ ఫైర్‌ఫించ్‌నూ, దాని పాట పాడే జోస్ ఇండిగోబర్డ్‌నూ చూడాలనుకునేవాళ్లు వెళ్లే చోటు అదే. దొరలు చర్మాలు ఎత్తుకెళ్లిన రోజుల నుంచి ఇక్కడిదాకా రావటం నాకు చాలా తృప్తినిచ్చే విషయం.

పాట పుట్టుకతో రాదు, నేర్చుకున్నదే అని తేల్చటానికి పేన్ బృందం ఇంకో పని చేసింది. ఊరి ఇండిగోబర్డ్ పిల్లల్ని బెంగాలీస్ ఫించ్‌లతో పెంచారు. హైదరాబాదులో పంజరం పిట్టలు అమ్మే దుకాణాల్లో మీరు చూసే ఉంటారు, తెలుపూ గోధుమా మచ్చలతో జతలు జతలుగా ఉంటాయి. మన తెల్లనడుము మునియాకు అవి పెంపుడు చుట్టాలు. ఆఫ్రికాతో వాటికి ఏ సంబంధమూ లేదు. అయినా వాటి దగ్గర పెరిగిన మగ ఇండిగోబర్డ్‌లు పెద్దయి బెంగాలీస్ పాటే పాడాయి. ఆడవి ఆ పాట పాడే మగవాటినే కోరాయి. గుడ్లు పెట్టే వేళకు ఫైర్‌ఫించ్ గూడు వదిలి బెంగాలీస్ గూటికే వెళ్లాయి. 1998, 2000 సంవత్సరాల్లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇక్కడే నికొలాయ్ రెండో మాట వీగిపోయింది. ఒక ఆడపిట్ట ఎప్పుడో ఒకసారి వేరే రకం ఫైర్‌ఫించ్ గూట్లో గుడ్డు పెట్టిందనుకోండి. ఆ పిల్లలు బతికితే ఆ కొత్త ఇంటి పాటే నేర్చుకుంటాయి, ఆ పాట ఉన్నవాటితోనే జతకడతాయి. మధ్యలో కొండలు, నదులు అడ్డం లేకుండా, ఒకే చెట్ల మధ్య ఒక తరంలో కొత్త వంశం మొదలవుతుంది. 2003లో మైకేల్ సోరెన్‌సన్, క్రిస్టినా సెఫ్క్, పేన్ కలిసి నేచర్ పత్రికలో చూపించిన డీఎన్‌ఏ రుజువు కూడా అదే చెప్పింది. ఇండిగోబర్డ్‌లు తమను పెంచే పిట్టల కన్నా చాలా ఆలస్యంగా చీలాయి. పెంచేవాళ్లతోపాటు చీలలేదు, ఇల్లు మారి చీలాయి.

మరి తగువు ఎక్కడ మిగిలింది? కామెరూన్‌లో. అక్కడి ఇండిగోబర్డ్‌గా లెక్కవేసే పిట్టల్లో కొన్ని ఒక ఫైర్‌ఫించ్ పాట, కొన్ని మరొకదాని పాట, ఇంకొన్ని బ్రౌన్ ట్విన్‌స్పాట్ అనే వేరే పిట్ట పాట పాడతాయి. ఈకల్లో తేడా లేదు. పాటే జాతికి గుర్తయితే ఇవి మూడు నాలుగు జాతులు కావాలి. జాబితాలు వేసేవాళ్లు ఒక్కదానిగానే ఉంచారు. చీలిక ఎంత కొత్తదంటే డీఎన్‌ఏ కూడా గట్టిగా గీత గీయలేకపోతోంది. పైగా అరుదుగా ఒకటీ అరా మగపిట్టలు తమ రంగుకు చెందని ఇంటి పాట పాడుతూ దొరుకుతాయి. పొరపాటున వేరే ఇంట పడి పెరిగినవో, కలిసిపోయిన సంతానమో. ఇలాంటివి ఉన్నాయి కాబట్టి అన్నిటినీ కలిపి ఒకే జాతి అనాలని వాదించేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆడపిట్ట ఎవరిని ఎంచుకుంటుందో, పిల్ల ఏ ఇంట బతుకుతుందో తేల్చే పాటను పక్కనపెట్టి ఈకను లెక్కలోకి తీసుకోవటం సొరుగు దగ్గర కూర్చున్నవాడి అలవాటు. ఇప్పుడు చాలా జాబితాల్లో ఉన్న పది జాతులూ ఉండాల్సినవే. కామెరూన్‌ది మాత్రం ఇంకా విచారణలో ఉన్నట్టు రాసిపెట్టుకోవాలి.

అబుజాలో, లూసాకాలో, నైరోబీలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఇప్పుడు మంచి కెమెరాలు పట్టుకుని తిరుగుతున్నారు. నాకు ఫొటోలు పంపి, ఇది ఏ ఇండిగోబర్డ్ అని అడుగుతుంటారు. వాళ్లకూ, మీకూ ఒక్కటే కోరిక. ఫొటో తీసిన చేత్తోనే ఫోనులో ఒక్క నిమిషం పాట పట్టండి. ముక్కు రంగు, కాళ్ల రంగు, ఊరు, తేదీ, దగ్గర్లో తిరుగుతున్న ఎర్రపిట్ట ఏదో రాయండి. పాట దొరకకపోతే జాతి పేరు జోలికి పోకుండా ఇండిగోబర్డ్ అని రాసి వదిలెయ్యండి.